ముగ్గుపిండితో మొదలుపెట్టండి

"ఏముంది చెప్పడానికి? అందరిలాగే పెరిగాం."

అమ్మ చిన్ననాటి సంగతులు రికార్డు చేద్దామని ఫోను ముందు పెట్టుకుని కూర్చున్న మొదటి రోజు నాకు దక్కిన సమాధానం ఇది. ఆ రికార్డింగు ఇప్పటికీ దాచుకున్నాను. మొత్తం నిమిషం పది సెకన్లు. అందులో సగం ఫ్యాను చప్పుడు. మిగతా సగంలో "పప్పు మాడుతోందేమో చూడు" అని అమ్మ గొంతు.

అది మూడేళ్ళ కిందటి మాట. ఇప్పటికి రెండు వందల పేజీల నోటుపుస్తకాలు రెండు నిండాయి, మూడోది నడుస్తోంది. రికార్డింగులు నలభై దాటాయి. ఈ మధ్య పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి "మా నాన్నగారివి కూడా అలా రాయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. నేను రచయిత్రిని కాను. నాది ఆడిట్ ఉద్యోగం. వోచరు లేని ఖర్చును ఒప్పుకోకపోవడమే ఇరవై ఏళ్ళుగా నా పని. ఆ బుద్ధి ఈ వ్యవహారంలో కొంత పనికొచ్చింది, కొంత చెడగొట్టింది. రెండూ చెబుతాను.

ఎందుకు మొదలుపెట్టానో ఒక్క మాట. మా అమ్మమ్మ 2006లో పోయింది. ఆవిడ గొంతు మా ఎవరి దగ్గరా లేదు. అన్నయ్య పెళ్ళి వీడియోలో ఎవరితోనో చెయ్యి తిప్పుతూ మాట్లాడుతూ పది సెకన్లు కనిపిస్తుంది. ఆ పది సెకన్ల మీద వీడియో తీసినవాళ్ళు సన్నాయి పెట్టేశారు.

అడిగే తీరు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళను "నీ జీవితం గురించి చెప్పు" అని అడగకూడదు. "అప్పుడు నీకు ఎలా అనిపించింది?" అని అసలే అడగకూడదు. "ఏమనిపిస్తుంది? పని ఉంటే అనిపించడానికి తీరికెక్కడిది?" అంటారు. అది నిజం కూడా. వస్తువుల గురించి అడగండి. నుయ్యి ఏ వైపు ఉండేది? పొద్దున్నే మొదటి చేద ఎవరు తోడేవారు? ఉట్టి మీద ఏం పెట్టేవారు, అది పిల్లలకు అందకూడదనా, పిల్లికి అందకూడదనా? గొడుగు ఇంటికి ఒకటా, మనిషికి ఒకటా? ఇలాంటి ప్రశ్నకు "ఏముంది చెప్పడానికి" అని ఎవరూ అనలేరు. నూతికి ఒక వైపంటూ ఉంటుంది కదా.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం ముగ్గుపిండి. అది నా తెలివి కాదు, అనుకోకుండా జరిగింది.

అమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో ఉండేది. పెంకుటిల్లు. 1998లో అమ్మేశారు, ఇప్పుడు అక్కడ రెండంతస్తుల మేడ ఉంది. ఆ ఇంటి పటం గీసి ఇమ్మని అమ్మకు కాగితం, పెన్సిలు ఇచ్చాను. రెండు గీతలు గీసి "నాకు రాదమ్మా, నేనేమన్నా ఇంజనీరునా" అని పక్కన పెట్టేసింది. మర్నాడు ధనుర్మాసం ముగ్గు వేసి లోపలికి వస్తూ, చేతిలో మిగిలిన పిండితో మా ఫ్లాటు హాల్లో నేల మీద ఒక గీత లాగింది. "ఇదిగో వీధి అరుగు" అంది. ఇక చెయ్యి ఆగలేదు. అరుగు, వసారా, నడవ, కుడి పక్క ధాన్యం గది, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి, ఆ పైన పశువుల సావిడి, సావిడి మూల కుడితి గోలెం. కాగితం మీద రాని గీత నేల మీద కొలిచినట్టు వచ్చింది. అరవై ఏళ్ళు ముగ్గు వేసిన చెయ్యి మరి.

పటం పూర్తయ్యాక చూస్తే వంటిల్లు మిగతా ఇల్లంత ఉంది. నా ఆడిట్ బుద్ధి ఊరుకోలేదు. "అమ్మా, వంటిల్లు నడవ కన్నా పెద్దదా?" అన్నాను.

"నేనున్నది అందులోనేగా" అంది.

అప్పటి నుంచి కొలతలు సరిచేయడం మానేశాను. మీరూ మానేయండి. కొలతలు కావాలంటే పాత దస్తావేజులో దొరుకుతాయి. ఎవరికి ఏ గది పెద్దదో దస్తావేజులో దొరకదు.

ఆ వంటింటి మూల అమ్మ బొటనవేలితో ఒక గుండ్రటి గుర్తు పెట్టింది. "ఇక్కడ దాలి" అంది. దాలి అంటే తెలియని పిల్లల కోసం: నేలలో చిన్న గొయ్యి, అందులో పిడకల నిప్పు, దాని మీద పాలకుండ. మంట ఉండదు, సెగ మాత్రమే. పొద్దున పెట్టిన పాలు సాయంత్రం దాకా కాగుతూనే ఉంటాయి. తెల్లటి పాలు లేత ఇటుక రంగుకు తిరుగుతాయి, మీద వేలు మందం మీగడ కడుతుంది. ఆ పాలు తోడు వేస్తే పెరుగులో కూడా సన్నగా పొగ వాసన. సాయంత్రం కుండ ఖాళీ చేశాక అమ్మమ్మ ఆల్చిప్ప తీసుకుని లోపలి అంచులు గీకేది. ఎర్రగా మాడిన మీగడ పొరలు పొరలుగా ఊడి వచ్చేది. ముగ్గురు పిల్లలకీ మూడు వాటాలు. మామయ్యకు కొంచెం ఎక్కువ వచ్చేదని అమ్మ అరవై తొమ్మిదేళ్ళ వయసులో మా హాల్లో నిలబడి నాకు ఫిర్యాదు చేసింది. పన్నెండేళ్ళ పిల్ల గొంతుతో.

ఆ ఒక్క గుర్తు నుంచి నాలుగు పేజీలు వచ్చాయి. కాబట్టి అరకిలో ముగ్గుపిండి కొనండి. మగవాళ్ళతో అయితే సుద్దముక్క. మా మామగారు సుద్దముక్కతో బడి నుంచి చెరువు దాకా దారి గీసి, దారిలో ఎవరి చింతచెట్టు కింద ఎవరి చేత తన్నులు తిన్నారో గుర్తులతో సహా పెట్టారు.

చేతికి పని, చెవికి ఫోను

ఎదురెదురుగా కూర్చుని అడిగితే కోర్టులో వాంగ్మూలంలా ఉంటుంది. ఇద్దరి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉండాలి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పూలు కట్టడం, దూదితో వత్తులు చేయడం. కళ్ళు చేతుల మీద ఉంటాయి, నోరు దానంతటది కదులుతుంది. గోంగూర ఆకు వలవడం మంచిది కాదు, తొందరగా అయిపోతుంది.

ఫోను సంగతి క్లుప్తంగా. ఫ్యాను ఆపండి, లేదా వేగం బాగా తగ్గించండి. కుక్కరు పొయ్యి మీద ఉంటే మొదలుపెట్టకండి. ఫోన్లు రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద వాళ్ళకు దగ్గరగా ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే గిన్నె కదిలించిన ప్రతి చప్పుడూ పిడుగులా పడుతుంది. రికార్డింగు మొదట్లో తేదీ, ఎక్కడున్నారు, ఎవరెవరున్నారు అని మీరే ఒక మాట చెప్పండి. అరగంట దాటనివ్వకండి. పెద్దవాళ్ళు అలసిపోయామని చెప్పరు, జవాబులు పొట్టివవుతాయి, అంతే. ఫైలుకు పేరు అదే రోజు పెట్టండి. నేను "2023-01-08 అమ్మ – దాలి, మీగడ వాటాలు" అన్నట్టు పెడతాను. పేరు పెట్టని ఫైలు అటక మీద మూట లాంటిది. ఉందని తెలుస్తుంది, ఎవరూ విప్పరు.

చెప్పకుండా రికార్డు చేయకండి. ఒకసారి నేను చేశాను. తర్వాత అమ్మకు తెలిసి నాలుగు రోజులు నాతో కూరగాయల ధరలు తప్ప ఇంకేం మాట్లాడలేదు.

మొదట ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి. మామయ్య గదిలో ఉంటే అమ్మ ప్రతి మాట చివరా ఆయన వైపు చూసేది. ఆయన "అలా కాదు, నేను చెబుతా విను" అని అందుకునేవారు. ఒక్కొక్కరిదీ విడిగా పూర్తయ్యాక ఇద్దరు అక్కచెల్లెళ్ళను కలిపి కూర్చోబెడితే మాత్రం పండగే. అప్పుడు మీరు ప్రశ్నలు వేయనక్కర్లేదు, టీ పెడితే చాలు.

ఏ సంవత్సరమో తేల్చుకోవడం

ఇది నాకు ఇష్టమైన భాగం. పెద్దవాళ్ళకు సంవత్సరాలు అంకెల్లో గుర్తుండవు. "ఏ సంవత్సరం?" అంటే బుర్ర గోక్కుంటారు. "పుష్కరాలకు ముందా, తర్వాతా?" అంటే టక్కున చెబుతారు. మా వైపు కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016లో వచ్చాయి. పన్నెండేళ్ళకొక మేకు కొట్టినట్టు. గోదావరి వాళ్ళకు 1991, 2003, 2015. ఆ మేకుల మధ్య ఇంకా చిన్న మేకులు దొరుకుతాయి. 1979 జూలైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్ళన్నీ హడలిపోవడం. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం. ఆ రోజు తలుపులు వేసుకుని కూర్చోని ఇల్లు లేదు. 1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి కావడం, రెండు రూపాయల కిలో బియ్యం. మా వదినది నల్గొండ వైపు. వాళ్ళ నాయనమ్మకు కాలమంతా రెండే ముక్కలు: పోలీసు చర్యకు ముందు, తర్వాత. అంటే నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన 1948 సెప్టెంబరు. మీ ఊరి మేకులు మీవి. ముందు వాటి జాబితా ఒకటి రాసుకుని దగ్గర పెట్టుకోండి.

తెలుగు సంవత్సరాల పేర్లతో చెప్పేవాళ్ళు ఉంటే అదృష్టం. ప్రభవ 1927లో మొదలైంది, మళ్ళీ 1987లో. అరవై పేర్ల జాబితా పంచాంగంలోనే ఉంటుంది, వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కటే మెలిక. సంవత్సరం ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా జరిగినవన్నీ పాత పేరులోకే వస్తాయి. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి, అంటే ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరడం, వచ్చింది. అది శుభకృతు అని రాసుకున్నాను, తప్పు. ఫిబ్రవరి కాబట్టి ఇంకా ప్లవ నడుస్తోంది. భూమి కాగితాల్లో "ఫసలీ" (శిస్తు లెక్కల ఏడాది) అని కనిపిస్తే దానికి 590 కలపండి. ఫసలీ ఏడాది జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1400 అంటే 1990 జూలై నుంచి 1991 జూన్ దాకా.

పుట్టిన తేదీల దగ్గర బడి సర్టిఫికెట్లను నమ్మకండి. మా అమ్మ సర్టిఫికెట్లో 1952 జూలై 1. తాతయ్య పాత పంచాంగం అట్ట లోపల రాసింది విజయ నామ సంవత్సరం శ్రావణ మాసం, అంటే 1953. ఏడాది ముందే బళ్ళో వేయడానికి మాస్టారు ఒక వయసు వేశారు, ఆ వయసుతోనే అమ్మ ఉద్యోగమూ చేసింది, రిటైరూ అయింది. ఒక ఏడాది జీతం పోయిందని ఇప్పటికీ బాధ.

ఇక ఇంట్లోనే దొరికే వోచర్లు. స్టీలు గిన్నెలు, ఇత్తడి బిందెలు తిరగేసి చూడండి. మనవాళ్ళు పెళ్ళికి ఇచ్చిన ప్రతి సామాను మీదా పేరు, తేదీ కొట్టించేవారు. ఫలానావారి జ్ఞాపకార్థం అని పోయినవాళ్ళ పేరున ఇచ్చినవి కూడా ఉంటాయి. వాటిని బట్టి ఎవరు ఎప్పటికి బతికి ఉన్నారో తేలుతుంది. చుక్కలు చుక్కలుగా అరిగిపోయిన అక్షరాలు కనిపించకపోతే ముగ్గుపిండే చల్లి వేలితో రుద్దండి, తెల్లగా తేలతాయి. శుభలేఖలు, ఇనుప తీగకు గుచ్చిన పాత ఉత్తరాలు ఎక్కడున్నా వెతకండి. కార్డు మీద తపాలా ముద్ర చాలు.

అన్నిటినీ మించింది తాతయ్య పద్దు పుస్తకం. పిన్ని ఇంట్లో అటక మీద దొరికింది. పొడుగాటి పుస్తకం, బైండు ఊడిపోయి, చెద కొట్టని భాగం ఎనభై పేజీలు. కొన్ని పేజీల్లో తేదీలు చిరిగిపోయాయి. అయినా కాలం తెలుస్తుంది. డబ్బు మూడు గడుల్లో రాసి ఉంటే, అంటే రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు) అని, అది 1957 ఏప్రిల్‌కు ముందుది. అప్పుడే రూపాయికి వంద నయా పైసలు వచ్చాయి. ఆ తర్వాతి పేజీల్లో రెండు గడులే. తాతయ్య పాత అలవాటు చొప్పున కొన్నాళ్ళు మూడో గడి గీత గీసి ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ గడి చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను. లెక్కల మనిషికి కొత్త పద్ధతి మీద నమ్మకం కుదరడానికి పట్టే కాలం అది. నాకు తెలుసు.

మూడు గడుల పేజీల్లోనే ఒక చోట, బెల్లానికీ కిరసనాయిలుకీ మధ్య: "చిన్నదానికి గాజులు 0–2–6." రెండు అణాల ఆరు పైలు. రెండు రోజుల తర్వాతి పద్దులో మళ్ళీ: "చిన్నదానికి గాజులు 0–2–6."

అమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "పగలగొట్టి ఉంటాను" అంది. తర్వాత, "రెండోసారి కూడా కొన్నారన్నమాట" అంది. ఆ రోజు ఇంకేం అడగలేదు నేను.

ఎడమ పేజీ, కుడి పేజీ

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అష్టగ్రహ కూటమికి లోకం మునిగిపోతుందన్నారట. ఊరంతా హోమాలు, భజనలు. అమ్మమ్మ మాత్రం పొయ్యి వెలిగించి "పోయేదేదో తిని పోదాం" అని బొబ్బట్లు చేసిందని అమ్మ చెప్పింది. అప్పుడు అమ్మకు ఎనిమిదేళ్ళు. ఇదే కథను పిన్ని స్కైలాబ్ అప్పుడు జరిగిందని చెప్పింది. "నేనే అరిటాకు మీద తట్టాను, నాకు తెలియదా?" అంది. నేను ఏం చేశానంటే, ఖాతాల్లో తేడా దొరికినంత సంబరంగా అమ్మకు ఫోను చేసి "నువ్వు చెప్పింది తప్పమ్మా, అది 1979" అన్నాను.

"అయితే నువ్వే రాసుకో" అని పెట్టేసింది. రెండు వారాలు నోరు విప్పలేదు.

తర్వాత తీరిగ్గా చూస్తే 1979 నాటికి అమ్మ అత్తవారింట్లో ఉంది. నేను అప్పటికి పుట్టనే లేదు. అమ్మ చెప్పింది స్కైలాబ్ కావడానికి వీల్లేదు. పిన్నికి 1962లో నాలుగేళ్ళు, బొబ్బట్లు తట్టే వయసు కాదు. అంటే ఇద్దరిదీ నిజమే. ప్రళయం వస్తుందన్నప్పుడల్లా మా అమ్మమ్మ బొబ్బట్లు చేసేదన్నమాట.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నోటుపుస్తకంలో ఎడమ పేజీ వాళ్ళది, కుడి పేజీ నాది. ఎడమ వైపు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే. "పొద్దెక్కాక" అనకుండా "అంబలి పొద్దు" అంటే అదే రాస్తాను. "గోడకు చేరగిలబడి" అంటే అదే. కుడి వైపు నా అనుమానాలు, తేదీల లెక్కలు, ఇంకొకరు చెప్పిన కథ. ఎడమ పేజీలో దిద్దుబాటు ఉండదు. కుడి పేజీ వాళ్ళకు చూపించను.

తుఫాను విషయంలో ఈ పద్ధతే కాపాడింది. మా ఇంట్లో ఒక తుఫాను కథ ఉంది. రాత్రంతా గాలి, పెంకులు లేచిపోవడం, ఆవును విప్పి వసారాలోకి తేవడం, ఏటి అవతల నుంచి వచ్చినవాళ్ళు మా అరుగు మీద పడుకోవడం, పొద్దున్నే పెరడంతా రాలిన మామిడికాయలు, అమ్మమ్మ వాటిని చూసి తల పట్టుకుని, మళ్ళీ తానే కత్తిపీట తీయడం. చిన్నప్పటి నుంచి విన్నాను. అందరూ దివిసీమ ఉప్పెన అనే చెబుతారు. మామిడికాయలు నేను నా కళ్ళతో చూశాను, ఒళ్ళోకి ఏరుకున్నాను కూడా. కానీ నేను పుట్టింది 1981లో. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న.

ఎడమ పేజీలు నాలుగు పక్కపక్కన పెట్టి చదివితే చిక్కు విడింది. నవంబరంటే కార్తీకం. కార్తీకంలో మామిడికాయలెక్కడివి? చేలో వరి ఉండాలి. మామయ్య చెప్పిన దాంట్లో వరి ఉంది, కాయలు లేవు. నా జ్ఞాపకంలో కాయలున్నాయి, వరి లేదు. కృష్ణ ఏరు సముద్రంలో కలిసే చోట ఇంకో పెద్ద తుఫాను 1990 మే 9న తీరం దాటింది. వేసవి సెలవులు, నాకు తొమ్మిదేళ్ళు, మేం అమ్మమ్మ ఇంట్లోనే ఉన్నాం. రెండు తుఫాన్లు చెప్పగా చెప్పగా ఒకటైపోయాయి. ఆవు, అరుగు మీద జనం మొదటిదానివి. మామిడికాయలు రెండోదానివి. సంవత్సరం తేలకపోతే చెట్టు మీద ఏముంది, చేలో ఏముంది, రాత్రి ఏం కప్పుకున్నారు అని అడగండి. రుతువు ముందు దొరుకుతుంది, ఏడాది వెనకాలే వస్తుంది.

అరుగు మీద పడుకున్నవాళ్ళ గురించి ఇంకొంచెం అడిగాను. ఉప్పెనలో వేల మంది పోయారు. అమ్మ అప్పుడు మూడేళ్ళ అన్నయ్యతో పుట్టింట్లో ఉంది. ఒకావిడ పిల్లాణ్ణి తన ఒళ్ళో పెట్టమని అడిగి, తెల్లారేదాకా దించలేదని చెప్పి ఆగిపోయింది. నేను ఫోను ఆపేశాను. అలాంటి చోట ఆపేయండి. తర్వాత చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. ఆ పేజీ సగంలో ఖాళీగానే ఉంది.

ఫొటోలు, కొలతలు

ఫొటోల గురించి చాలామంది చాలా రాశారు, నేను రెండే చెబుతాను. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగకండి, ముఖాలు అద్దానికే ఉండిపోతాయి. అద్దం మీదుగానే, కొంచెం పక్క వెలుతురులో, ఫోనుతో తీయండి. చిన్న నలుపు-తెలుపు ఫొటోలు స్కాను చేయిస్తే 600 డీపీఐ అడగండి. షాపువాడు 300 చాలంటాడు, వినకండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ పేర్లు ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు. నిలబడ్డవాళ్ళలో సగం కనిపించే ఆ పిల్ల ఎవరని అడగండి. కథ సాధారణంగా అక్కడే ఉంటుంది.

వంటల దగ్గర కొలతలే చిక్కు. "సోలెడు మినుములు, గిద్దెడు నెయ్యి" అంటుంది అమ్మ సున్నుండలకు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ వరస తెలిస్తే పాళ్ళు తప్పవు. కానీ ఏ ఊరి సోల ఆ ఊరిదే కాబట్టి మీ ఇంటి సోలే దొరికితే దాన్నిండా మినుములు పోసి వంటింటి కాటాలో తూచి రాసుకోండి. "కొంచెం", "తగినంత", "చేతికి తెలుస్తుంది" అన్నవాటికి ఒకటే మార్గం. వాళ్ళు వెయ్యబోయే ముందు చెయ్యి పట్టుకుని, ఆ గుప్పిట గిన్నెలో పోయించి తూచాలి. అమ్మ విసుక్కుంది. బెల్లం మూడుసార్లు తూచితే మూడుసార్లూ ఒకటే బరువు వచ్చింది. అప్పుడు కొంచెం గర్వపడింది కూడా.

దాచేవి, పంచేవి

చెప్పిందంతా అందరికీ చూపించేది కాదు. అప్పులు, ఆస్తి పంపకాల్లో మాటలు, ఎవరు ఎవర్ని ఏమన్నారో. నేను ప్రతి నెలాఖరుకీ ఎడమ పేజీలు అమ్మకు చదివి వినిపిస్తాను. "ఇది నీకు చెప్పాను, ఊరికి కాదు" అన్నవాటి పక్కన చిన్న చుక్క పెడతాను. చుక్క ఉన్నవి టైపు చేయను. కొట్టేయను కూడా. పిన్ని విషయంలో చుక్కలు తక్కువ. ఆవిడకు పరువు కన్నా కథ ముఖ్యం.

టైపు చేసినవి మూడు చోట్ల ఉంచండి: మీ కంప్యూటర్, ఒక పెన్‌డ్రైవ్, వేరే ఊళ్ళో ఉన్న తోబుట్టువు ఇల్లు. కాగితం మీద కూడా ఒక ప్రతి తీయించండి. పద్దు పుస్తకం అటక మీద అరవై ఏళ్ళు బతికింది. నా మొదటి ఫోనులో రికార్డింగులు రెండేళ్ళు కూడా బతకలేదు, పదకొండు పోయాయి. ఆ పదకొండింటిలో అమ్మ దసరా బొమ్మల కొలువు గురించి చెప్పింది ఒకటి. మళ్ళీ అడిగితే చెప్పింది కానీ మొదటిసారి నవ్వినంత నవ్వలేదు.

వచ్చే ఆదివారం పిన్ని వస్తోంది. ఒక తగువు మిగిలిపోయింది. దొడ్డి తలుపు లోపలికి తెరుచుకునేదని అమ్మ, బయటికని పిన్ని. బయటికి తెరుచుకుంటే తలుపు వెనక దాక్కుని మామయ్య వాటా మీగడ తినడం కుదరదట, తాను తిన్నది మాత్రం నిజమట, అంటుంది అమ్మ. హాల్లో సోఫా జరిపించాను. ముగ్గుపిండి ఈసారి కిలో తెచ్చాను.